గోడ జరిపి చూడండి

1979 జూన్. న్యూయార్క్‌లో జాతీయ కంప్యూటర్ సదస్సు జరుగుతోంది. హాల్లో ఒకచోట జనం గుంపుగా మూగి ఉన్నారు. వాళ్ల మధ్య గోడలు పేర్చి కట్టిన ఒక మేజ్. లోపలికి ఒక దారి, బయటికి ఒక దారి, మధ్యలో అన్నీ మలుపులు, మూసుకుపోయిన సందులు. ఒకదాని తర్వాత ఒకటిగా చిన్న చిన్న యంత్రాలను అందులోకి వదులుతున్నారు. వాటిని తయారుచేసిన ఇంజినీర్లు చేతులు కట్టుకుని పక్కన నిలబడాలి. రిమోట్ ఉండకూడదు. ఎటు తిరగాలో ఎవరూ చెప్పకూడదు. లోపలికి వెళ్లిన యంత్రం తన దారి తానే వెతుక్కుని బయటపడాలి.

ఈ పోటీకి రెండేళ్ల ముందే బీజం పడింది. 1977లో ‘ఐఈఈఈ స్పెక్ట్రమ్’ పత్రిక సంపాదకుడు డొనాల్డ్ క్రిస్టియన్‌సన్ తన పాఠకులైన ఇంజినీర్లకు ఒక సవాలు విసిరారు. మైక్రోప్రాసెసర్ మార్కెట్లోకి వచ్చి అప్పటికి ఆరేళ్లే. ఆ చిప్పును ఒక బుల్లి బండిలో పెట్టి, దానికి కళ్లు అమర్చి, మేజ్ దాటించగలరా అని అడిగారు. ఆ బండికి ‘మైక్రోమౌస్’, అంటే బుల్లి ఎలుక, అని పేరు పెట్టారు. ఆరు వేల మంది దాకా మేమూ వస్తామన్నారు. తీరా ఫైనల్ రోజున ఎలుకతో వచ్చి నిలబడినవి 15 జట్లు. మిగతావాళ్లు ఏమయ్యారో ఒక్కసారైనా రోబో కట్టినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మోటారు తిరుగుతుంది, సెన్సర్ పలుకుతుంది, ప్రోగ్రామ్ నడుస్తుంది. మూడింటినీ ఒక్క బండిలో పెట్టేసరికి ఏదీ పనిచేయదు.

ఆ 15లో కొన్ని నిజంగా ఆలోచించే ఎలుకలు. గడి గడికీ గోడ ఎటు ఉందో చూసి, గుర్తుపెట్టుకుని, తప్పుదారి పడితే వెనక్కి వచ్చి, తర్వాతి పరుగులో ఆ తప్పు చేయకుండా వెళ్లేవి. ఇంకో రకం ఎలుకలకు జ్ఞాపకం అన్నదే లేదు. ఒక పక్క గోడను పట్టుకుని, అది ఎటు తిరిగితే అటు తిరుగుతూ గుడ్డిగా దూసుకుపోవడమే వాటి పని. రెండు దారులూ మేజ్ అంచునే ఉన్నప్పుడు ఈ పద్ధతి తప్పక పనిచేస్తుంది. పట్టుకున్న గోడ వదలకపోతే చాలు, ఎప్పటికో అప్పటికి బయటి గుమ్మం వచ్చి తీరుతుంది. ‘మూన్‌లైట్ ఫ్లాష్’ అనే ఎలుక చేసింది అదే. అందరికంటే వేగంగా బయటపడింది. బహుమతీ దానికే దక్కింది.

రూలు ప్రకారం అది న్యాయమైన గెలుపే. ఆ ఎలుకను కట్టినవాళ్ల తప్పు రవ్వంత కూడా లేదు. రూలును అందరికంటే బాగా చదివింది వాళ్లే. కానీ యంత్రానికి ఆలోచన నేర్పాలని పెట్టిన పోటీలో ఆలోచన లేని యంత్రం గెలిచింది.

నిజానికి ఆలోచించే ఎలుక అప్పటికే ఒకటి ఉండేది. 1950లో బెల్ ల్యాబ్స్‌లో క్లాడ్ షానన్ దాన్ని తయారుచేశారు. వైరింగులో ఆయన భార్య బెట్టీ కూడా చెయ్యి వేశారు. పేరు థీసియస్. అడ్డం అయిదు, నిలువు అయిదు, మొత్తం 25 గళ్ల మేజ్ దానిది. గోడలను ఊడదీసి కావలసిన చోట పెట్టుకోవచ్చు. ఆ ఎలుక బుర్ర ఎలుకలో లేదు, బల్ల కింద ఉంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో టకటకమని కొట్టుకునే రిలేలే ఆ బుర్ర. అడుగున మోటార్ల మీద కదిలే విద్యుదయస్కాంతం పైనున్న ఎలుకను లాక్కుపోయేది. రాగి మీసం గోడకు తగలగానే ఎలుక వెనక్కి తగ్గి మరో వైపు తిరిగేది. మొదటిసారి తడుముకుంటూ వెళ్లేది. రెండోసారి ఒక్క తప్పు కూడా లేకుండా వెళ్లేది. అప్పుడు ఒక గోడ జరిపితే, ఎలుక పాత దారినే వచ్చి, కొత్త గోడకు మీసం తగలగానే అక్కడి పాత జ్ఞాపకాన్ని తుడిచేసి కొత్త దారి వెతుక్కునేది.

గోడ జరిపితే ఏం చేస్తావు? 1950 నాటి ఎలుక ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగింది. 29 ఏళ్ల తర్వాత బహుమతి గెలిచిన ఎలుకను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

ఈ రెండు ఎలుకల సంగతి నేను పుస్తకాల్లో చదివాను. దాని బరువు తెలిసింది మాత్రం హైదరాబాద్‌లోని బోరబండలో.

సైట్-3లో రెండు గదుల ఇల్లు. తండ్రి వడ్రంగి. పాలమూరు నుంచి వచ్చి మోతీనగర్ మొదలు మాదాపూర్ దాకా ఫ్లాట్లలో వార్డ్‌రోబ్‌లు, కిచెన్ క్యాబినెట్లు చేస్తారు. కూతురు పాలిటెక్నిక్‌లో ఈసీఈ డిప్లొమా చివరి సంవత్సరం. కొడుకు తొమ్మిదో తరగతి. నేను వాళ్లకు రెండు వీధుల అవతల ఉంటాను. పేర్లు రాయవద్దని ఆ అమ్మాయి అడిగింది కాబట్టి రాయడం లేదు.

నగర శివారులో ఒక ఇంజినీరింగ్ కాలేజీ వాళ్లు టెక్ ఫెస్టులో మేజ్ పోటీ పెడుతున్నారని తెలిసి ఆమె పేరిచ్చింది. తోటివాళ్లు అమీర్‌పేట వెళ్దామన్నారు. మైత్రీవనం చుట్టుపక్కల వీధుల్లో నడిస్తే జావా, పైథాన్ బోర్డుల మధ్య ‘ప్రాజెక్ట్ గైడెన్స్’ బోర్డులు కూడా కనిపిస్తాయి. డబ్బు కడితే బాట్, కోడ్, రిపోర్టు, పీపీటీ అన్నీ ఒక్క సంచిలో చేతికొస్తాయి. అమీర్‌పేటను తిట్టడం నా ఉద్దేశం కాదు. అక్కడి ఇరుకు క్లాసుల్లో నేర్చుకుని జీవితాలు నిలబెట్టుకున్నవాళ్లు తెలుగునాట ప్రతి ఊళ్లో ఉన్నారు. నేర్చుకోవడానికి వెళ్లడం వేరు, నేర్చుకోకుండా ఉండటానికి వెళ్లడం వేరు.

ఆమె విడిభాగాల కోసం కోఠి వెళ్లింది. గుజరాతీ గల్లీలో కౌంటర్ మీద మోచేతులు ఆనించి నిలబడిన కుర్రాళ్ల మధ్య దూరి తన చీటీ తీసింది.

“అన్నా, ఎన్‌20 మోటార్లు రెండు గావాలె. ఎన్‌కోడర్ ఉన్నయి.”

“ఉన్నయి చెల్లె. ఐఆర్ సెన్సర్ మాడ్యూల్ గూడ ఇయ్యాల్నా? రెడీమేడ్, పెట్టంగనే పనిచేస్తది.”

“మాడ్యూల్ వద్దన్నా. ఎల్ఈడీలు, ఫొటో ట్రాన్సిస్టర్లు విడివిడిగ ఇయ్యి. మాడ్యూల్ గోడ ఉన్నదా లేదా అని మాత్రమే చెప్తది. ఎంత దూరంల ఉన్నదో నాకు గావాలె.”

దుకాణదారు ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసి లోపలి డబ్బా తీశాడు.

ఆ బేరంలో పెద్ద విషయమే ఉంది. ఎల్ఈడీ కంటికి కనిపించని పరారుణ కాంతిని గోడ మీదికి వదులుతుంది. తిరిగొచ్చిన కాంతిని ఫొటో ట్రాన్సిస్టర్ పట్టుకుంటుంది. గోడ దగ్గరైతే ఎక్కువ, దూరమైతే తక్కువ. ఎలుకకు బుర్రగా పెట్టే ఆర్డుయినో బోర్డు ఆ వోల్టేజీని 0 నుంచి 1023 మధ్య ఒక అంకెగా చదువుతుంది. రెడీమేడ్ మాడ్యూల్ ఆ అంకెలన్నీ దాచేసి ఉంది, లేదు అనే రెండు మాటలే బయటికి చెబుతుంది. గోడకు గుద్దుకోకుండా ఉండటానికి ఆ రెండు మాటలు చాలు. రెండు గోడల నడుమ సరిగ్గా మధ్యలో పరుగెత్తడానికి చాలవు.

మేజ్ కొలతలు ప్రపంచమంతా దాదాపు ఒకటే. గడి 18 సెంటీమీటర్లు, గోడ ఎత్తు 5, మందం 1.2. మొత్తం 16 అడ్డం, 16 నిలువు. పక్కలు తెలుపు, పైఅంచు ఎరుపు, నేల నలుపు. రూల్ బుక్ చూపిస్తే తండ్రి కళ్లద్దాలు సర్దుకుని చదివారు.

“ఒకటి పాయింట్ రెండు సెంటీమీటర్లంటే నాలుగు సూత్‌ల ప్లై. ముక్కలు మనింట్లనే పడున్నయి బిడ్డా. గడి ఏడు అంగుళాల ఒక సూత్, అందుల వెంట్రుక వాసి తక్కువ. అంతే గద?”

పూర్తి మేజ్ తొమ్మిదిన్నర అడుగుల చదరం. ఆ ఇంట్లో అంత జాగా లేదు. అయిదు గళ్లకు అయిదు గళ్లు, మూడడుగుల పలక చేశారు. షానన్ మేజ్ కూడా ఇంతేనని నేను చెబితే తమ్ముడు నమ్మలేదు. గోడలకు మేకులు కొట్టలేదు. పలకలో గాడి తీసి, గోడ అందులో దిగేలా, మళ్లీ ఊడొచ్చేలా చేశారు. రాత్రి పని నుంచి వచ్చి, అన్నం తిని, ఆ ముక్కలకు రందా పట్టేవారు.

ఎలుక తయారైంది. అరచేతిలో పట్టే పలక, రెండు చక్రాలు, ముందు ఒక గోళీ చక్రం, ఆర్డుయినో నానో, మోటార్ డ్రైవర్, రెండు సెల్లుల బ్యాటరీ. ముందుకు చూసే సెన్సర్లు రెండు, ఏటవాలుగా పక్కలకు చూసేవి రెండు. కోడ్ డంప్ చేసి వదిలితే మూడు గళ్లు చక్కగా వెళ్లి నాలుగో గడిలో గోడకు గుద్దుకుంది. మళ్లీ వదిలారు. మళ్లీ అక్కడే.

“అక్కా, గీ ఒక్క గోడ దగ్గర్నే గుద్దుతున్నది. వేరే గోడల దగ్గర మంచిగనే ఉంటున్నది.”

ఆమె ల్యాప్‌టాప్ కలిపి అంకెలు చూసింది. మిగతా గోడల పక్కన 600 దాటుతున్న అంకె ఈ గోడ పక్కన వంద కూడా దాటడం లేదు. సెన్సర్ మార్చింది. సోల్డరింగ్ మళ్లీ చేసింది. జంపర్ వైర్లు పీకి పెట్టింది. రాత్రి బాగా పొద్దుపోయింది. తండ్రి లేచి వచ్చి ఆ గోడను గాడిలోంచి తీసి, బల్బు కింద ఏటవాలుగా పట్టుకుని చూశారు.

“ఇది సన్‌మైకా అంటించిన ముక్క బిడ్డా. మిగిలినయన్ని తెల్ల ప్రైమర్ కొట్టినయి. ఇది మెరుస్తది, అవి మెరువయి. చేత్తోని ముట్టి చూడు.”

సమస్య అదే. గరుకు తెలుపు మీద పడ్డ కాంతి అన్ని వైపులా చెదురుతుంది, అందులో కొంత సెన్సర్‌కు తిరిగొస్తుంది. నున్నటి సన్‌మైకా మీద ఏటవాలుగా పడ్డ కాంతి అద్దం మీద పడ్డట్టు అటువైపే జారిపోతుంది. గోడ ఎదురుగానే ఉన్నా ఎలుకకు అక్కడ ఏమీ లేనట్టే. ఎలక్ట్రానిక్స్ చదివిన పిల్లకు దొరకని జవాబు వడ్రంగి వేళ్లకు దొరికింది.

పాలిష్ పేపర్ పట్టి ప్రైమర్ కొట్టేస్తానని ఆయన అన్నారు. వద్దంది. “పోటీల గోడలు ఎట్లుంటయో మనకెర్కనా నాయినా? గీ గోడ గిట్లనే ఉండనియ్యి.” ఆ మెరిసే గోడను మేజ్‌లోనే ఉంచి, పక్క సెన్సర్ల కోణం మార్చి మార్చి, రెండు రకాల గోడలూ కనిపించే వంపు దొరికేదాకా తిప్పింది. రోబో విద్య అంతా ఆ వంపులో ఉందని నా నమ్మకం. పుస్తకంలో ఆ కోణం ఉండదు. కొన్న సంచిలో అసలే ఉండదు.

తర్వాత ఎండ వచ్చింది. రాత్రి చక్కగా నడిచిన ఎలుక మధ్యాహ్నం కిటికీ తెరిస్తే పిచ్చిదయ్యేది. ఎండలోనూ పరారుణం ఉంది మరి. దీనికి తెలిసిన మందు ఒకటి ఉంది. ఎల్ఈడీ ఆర్పి ఒకసారి, వెలిగించి ఒకసారి చదివి, రెండో దాన్నుంచి మొదటిదాన్ని తీసేస్తే గదిలోని వెలుతురు పోయి తన వెలుతురే మిగులుతుంది. అది చేసింది. అయినా కిటికీ పక్క గడిలో తప్పుతోంది. ఎండ నేరుగా పడితే ఫొటో ట్రాన్సిస్టర్ నిండిపోతుంది. నిండిన కుండలో ఇంకో చెంబు పోస్తే ఎంత పడిందో తెలియనట్టు, అక్కడ తీసివేత పనిచేయదు. రెసిస్టర్ విలువ తగ్గించింది. ఒక్కో సెన్సర్‌కు నల్లటి హీట్ ష్రింక్ స్లీవ్ ముక్క తొడిగింది. పక్క నుంచి వచ్చే వెలుతురు ఆగింది.

ఇంకో చిక్కు నేల మీద ఉంది. వడ్రంగి ఇంట్లో రంపపు పొట్టు ఎక్కడికైనా వస్తుంది. చక్రం ఎంత తిరిగిందో లెక్కపెట్టే ఎన్‌కోడర్ ప్రకారం చక్రాలు సరిగ్గా తొంభై డిగ్రీల తిప్పుడు తిరిగాయి. కానీ పొట్టు మీద చక్రం జారి, ఎలుక మాత్రం ఎనభైకి కాస్త అటూ ఇటూ తిరిగి ఆగేది. నాలుగు మలుపులకు తూర్పు ఏదో పడమర ఏదో దానికి తెలియకుండా పోయేది. ప్రతి పరుగుకు ముందు తల్లి తడిబట్టతో పలక తుడిచేవారు. చక్రాలను సెల్లోటేపు జిగురు వైపు దొర్లించి దుమ్ము తీసేది కూతురు. పెద్ద పోటీల్లో ఆరితేరినవాళ్లు కూడా ఇలాగే టేపు మీద చక్రాలు దొర్లిస్తారు.

ఇక బుర్ర. దాన్ని ఆమె తమ్ముడి చేత ఆడించి సరిచూసుకుంది. చాక్‌పీసుతో గడి గడిలో అంకె రాయించింది. మధ్య గడిలో సున్నా. దాని పక్క గళ్లలో 1. వాటి పక్కన 2. అలా మూలదాకా. ఎలుక ఎప్పుడూ తక్కువ అంకె ఉన్న గడిలోకే అడుగు వేయాలి. మధ్యలో కొత్త గోడ కనబడితే ఆగి, ఆ గోడను లెక్కలోకి తీసుకుని అంకెలన్నీ మళ్లీ రాయాలి. వాడు మోకాళ్ల మీద కూర్చుని చేత్తో అంకెలు చెరిపి రాస్తూ పోయాడు. ఒకచోట రాసిన అంకె తప్పని అక్క అంటే తప్పు కాదని వాదించాడు. చూస్తే వాడే ఒప్పు. కోడ్‌లో ఆ చోటే తప్పు ఉంది. ఈ పద్ధతిని ‘ఫ్లడ్ ఫిల్’ అంటారు. ప్రపంచంలో మైక్రోమౌస్‌లు ఎక్కువగా నమ్ముకున్నది దీన్నే.

పోటీ రోజు తెల్లవారకముందే బస్సెక్కారు. ఆడిటోరియంలో వీడియో తీసేవాళ్లు మేజ్ మీదికి పెద్ద హాలోజెన్ లైట్లు పెట్టారు. వాటి వెలుతురులో పరారుణం మామూలుగా ఉండదు. చుట్టూ చాలా బాట్లు అక్కడికక్కడే తడబడ్డాయి. స్లీవ్‌లు తొడిగిన ఎలుక తడబడలేదు. గోడలు కొన్ని మెరుస్తున్నాయి, కొన్ని మెరవడం లేదు. దానికీ తడబడలేదు.

కానీ మేజ్ పొద్దున్నుంచీ తెరిచే ఉంది. ఎవరైనా దగ్గరికి వెళ్లి చూడొచ్చు, టేపుతో కొలవొచ్చు, ల్యాప్‌టాప్ తీసి కోడ్ రాసుకోవచ్చు. కొన్ని జట్లు అదే చేశాయి. రెండు గళ్లు ముందుకు, కుడికి, ఒకటి ముందుకు, ఎడమకు అని దారి మొత్తం ముందే రాసి డంప్ చేశాయి. వాళ్ల బాట్‌కు సెన్సర్లు ఉన్నాయి, కానీ వాటితో పని లేదు. ఆ గోడలన్నీ తీసేసినా అది అదే దారిలో తిరుగుతుంది. మొదటి బహుమతి అలాంటి ఒక బాట్‌కే వచ్చింది. ప్రతి గడిలో చూసి, ఆలోచించి, తిరిగిన మా ఎలుకది నాలుగో స్థానం.

ఫలితాలు చదువుతుండగా ఆమె లేచి నిలబడింది.

“సార్, ఒక్క గోడ జరిపి అందరివి ఇంకొక్కసారి నడిపిస్తరా?”

“రూల్ బుక్‌లో లేదమ్మా. టైమ్ కూడా లేదు.”

ఆమె మళ్లీ అడగలేదు. నిర్వాహకుడు కోపంగా చెప్పలేదు, అవమానించలేదు. రూల్ బుక్‌లో నిజంగానే లేదు. నాకు బాధ కలిగించింది అదే. ఇంటికి వచ్చాక తండ్రి బహుమతి సంగతి అడగనే లేదు. “గోడలు మంచిగ చేసిండ్రా?” అన్నారు. “సందులున్నయి నాయినా. మనయే మంచిగున్నయి” అంది.

న్యూయార్క్ తర్వాత ఏం జరిగిందో ఇక్కడ చెప్పాలి. ఇంగ్లండులో పోర్ట్స్‌మత్ పాలిటెక్నిక్‌కు చెందిన జాన్ బిల్లింగ్‌స్లీ ఈ పోటీని యూరప్‌కు తెచ్చారు. గోడ పట్టుకుని పరిగెత్తిన ఎలుక గెలిచిందని ఆయన ఎలుకలను నిందించలేదు. రూలు మార్చారు. 1980లో లండన్‌లో యూరోమైక్రో సదస్సులో జరిగిన పోటీలో ఎలుక మూల నుంచి బయల్దేరి మేజ్ మధ్యకు చేరాలి. గమ్యం అంచు మీద ఉండదు. మధ్య గడి చుట్టూ ఉన్న గోడలకూ బయటి గోడలకూ సంబంధం లేకుండా మేజ్ కడితే, ఒకే గోడను పట్టుకుని పోయే ఎలుక జీవితాంతం చుట్టూ తిరుగుతుంది తప్ప మధ్యకు చేరదు. ఒక్క మార్పుతో గుడ్డి పరుగుకు దారి మూసుకుపోయింది. ఆ లండన్ పోటీలోనే నిక్ స్మిత్ తయారుచేసిన ‘స్టెర్లింగ్ మౌస్’ మేజ్ మధ్యకు చేరింది. చేరిన సంగతి తనకు తెలిసిన మొదటి ఎలుక అదే. దాని నడక నత్తనడక. అయినా మైక్రోమౌస్ చరిత్ర అక్కడి నుంచే మలుపు తిరిగింది.

అదే ఏడాది జపాన్‌లో అఖిల జపాన్ పోటీలు మొదలయ్యాయి. 1985లో త్సుకుబాలో తొలి ప్రపంచ పోటీ జరిగింది. ఎంఐటీకి చెందిన డేవిడ్ ఓటెన్ ఎలుకలు మెట్లుమెట్లుగా ఉన్న దారిలో మలుపులు తిరగకుండా ఏటవాలుగా దూసుకుపోవడం చూపించాయి. తర్వాతి కాలంలో అడుగున చిన్న ఫ్యాను పెట్టి, కింది గాలిని లాగేసి, ఎలుకను నేలకు అదిమిపట్టి మలుపుల్లో జారకుండా చేశారు. 2009 నుంచి జపాన్‌లో సగం సైజు మేజ్ కూడా వచ్చింది, గడి 9 సెంటీమీటర్లే. 2011 అఖిల జపాన్ పోటీలో ‘మిన్7’ అనే ఎలుక మేజ్ మధ్యకు 3.921 సెకన్లలో చేరింది. దాన్ని చేసిన ఎన్‌జీ బెంగ్ కియాట్ సింగపూర్‌లో ఒక పాలిటెక్నిక్ అధ్యాపకుడు. లండన్‌లో రూలు మార్చిందీ పాలిటెక్నిక్ మనిషే, జపాన్‌లో ఆ వేగం సాధించిందీ పాలిటెక్నిక్ మనిషే. మన దగ్గర పాలిటెక్నిక్ అంటే బీటెక్ సీటు రానివాళ్ల చదువని తేలిగ్గా తీసేస్తారు. బోరబండ అమ్మాయికి నేను ముందుగా చెప్పిన మాట ఇదే.

1979లోనే మరో సంగతి జరిగింది. అమెరికాలో పిట్స్‌బర్గ్ నగరంలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ పెడితే, దానికి తొలి డైరెక్టర్ అయినవారు చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి. 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. గ్రామాల పిల్లల కోసం 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీలకు, అంటే బాసర, నూజివీడు, ఇడుపులపాయ ప్రాంగణాలతో వచ్చిన విశ్వవిద్యాలయానికి, తొలి ఛాన్సలర్ కూడా ఆయనే. యంత్రానికి చూపు, వినికిడి నేర్పే పనిలో తెలుగువాళ్లు మొన్న చేరినవాళ్లు కారని గుర్తు చేయడానికే ఈ మాట.

ఇప్పుడు సామగ్రికి కొరత లేదు. అటల్ టింకరింగ్ ల్యాబ్ మంజూరైన పాఠశాలకు కేంద్రం 20 లక్షల రూపాయల దాకా ఇస్తూ వచ్చింది. ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లలు అందులో సెన్సర్లు, మోటార్లు, త్రీడీ ప్రింటర్లు ముట్టుకోవచ్చు. 2023 మార్చిలో రాయదుర్గంలో నమూనాలు తయారుచేసుకునే కేంద్రం టీ-వర్క్స్ తెరుచుకుంది. ఐఐటీ బాంబే వాళ్ల ఈ-యంత్ర పోటీలో ఎంపికైన జట్లకు ఒకే రకం కిట్లు పంపే పద్ధతి పెట్టారు. అందరి చేతిలో అదే కిట్ ఉన్నప్పుడు ఎవరి జేబు పెద్దదన్న ప్రశ్న పోయి, ఎవరు బాగా సరిదిద్దారన్న ప్రశ్నే మిగులుతుంది. మంచి పోటీ అంటే అది.

మన నగరంలో ఏటా టెక్ ఫెస్టులు పెట్టే కాలేజీలు ఎన్నో. వాటిలో లైన్ ఫాలోయర్, మేజ్ సాల్వర్ లేని ఫెస్టు అరుదు. వాళ్లకు నాదొక విన్నపం. పెద్ద మైక్రోమౌస్ పోటీల్లో ఎలుకలన్నీ ముందే నిర్వాహకుల బల్ల మీదికి చేరతాయి. ఆ తర్వాతే మేజ్ తెరుస్తారు. మేజ్ చూశాక దాని వివరం ఏదీ ఎలుకకు అందించకూడదు. మీరూ అలా చేయండి. అయితే అసలు మేజ్ దాచినా, పక్కన రెండు మూడు గోడలు నిలబెట్టి, అదే వెలుతురులో పిల్లలు సెన్సర్లు సరిచూసుకోవడానికి కాసేపు సమయం ఇవ్వండి. హాలోజెన్ లైటు కింద తడబడ్డ పిల్ల తెలివితక్కువది కాదు, ఆ లైటు ముందెన్నడూ చూడలేదంతే. గోడలను మేకులతో బిగించకండి, గాడిలో దిగేలా చేయించండి. గెలిచిన జట్టును బహుమతి ఇచ్చే ముందు ఒక్క ప్రశ్న అడగండి: ఈ సెన్సర్‌ను ఈ కోణంలోనే ఎందుకు పెట్టారు? సొంతంగా కట్టినవాళ్లు ఆ ప్రశ్నకు జవాబు మొదలుపెడితే ఆపడం కష్టం.

తల్లిదండ్రులు కూడా వినాలి. రెడీమేడ్ ప్రాజెక్టుకు కట్టే డబ్బులో కొంత చాలు, విడిభాగాలు వస్తాయి. ఇల్లు కొన్నాళ్లు వైర్లతో, పొట్టుతో నిండిపోతుంది. ఓర్చుకోండి.

ఆ అమ్మాయి డిప్లొమా అయ్యాక ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరింది. ఆ కాలేజీ టెక్ ఫెస్టులో మేజ్ పోటీ నడిపే బాధ్యత ఇప్పుడు ఆమె జట్టుది. మేజ్ చేస్తున్నది ఆమె తండ్రి. రూల్ బుక్‌లో ఆమె ఒక వాక్యం కొత్తగా చేర్చింది. మిగతా కాలేజీలు కూడా యథాతథంగా తీసుకోవచ్చు: “బాట్లన్నీ బల్ల మీదికి చేరాకే గోడలు ఎక్కడ పెట్టాలో చీటీ తీసి నిర్ణయిస్తాం.”